స్టెప్పుల్లేని జవాబు

లెక్కల మాస్టారుగా ఊళ్లో నాకో పేరుండేది. స్టెప్పు వదిలేస్తే అర మార్కు కోసేస్తాడని. "ఆన్సర్ కరెక్టే కదా సార్" అని పిల్లలు బతిమాలినా కరిగేవాణ్ణి కాదు. ఎలా వచ్చిందో చూపించకపోతే అది జవాబే కాదనేవాణ్ణి.

ఒకరోజు పదో తరగతిలో ప్రధాన సంఖ్యలు చెబుతూ, సిలబస్‌లో లేని సరదా ఒకటి బోర్డు మీద వేశాను. 2కు ఘాతంగా 1, 2, 4, 8, 16 వేసి, ప్రతిసారీ ఒకటి కలిపితే 3, 5, 17, 257, 65537 వస్తాయి. అన్నీ ప్రధాన సంఖ్యలే. ఎంత దూరం పోయినా ఇంతేనని ఫ్రాన్సుకు చెందిన ఫెర్మా 1640లోనే అన్నాడని గొప్పగా చెప్పాను.

వెనక బెంచీ కుర్రాడొకడు లేచి, "ఆ తర్వాతది కూడానా సార్?" అన్నాడు.

ఆ తర్వాతది 4294967297. నాలుగు వందల కోట్ల పైమాట. దాన్ని నేనెన్నడూ భాగించి చూసిన పాపాన పోలేదు. "ఐదు చూపించాక ఇంకా అనుమానమేంట్రా, కూర్చో" అన్నాను. క్లాసంతా నవ్వింది. వాడు మళ్లీ ఎప్పుడూ ప్రశ్న అడగలేదు.

రిటైరయ్యాక ఒక పుస్తకంలో చూశాను. 1732లోనే ఆయిలర్ అనే గణితవేత్త ఆ సంఖ్యను విడగొట్టేశాడట. దాని ప్రధాన కారణాంకం ఏదైనా సరే, 64తో భాగిస్తే 1 మిగలాలి. అలాంటి ప్రధాన సంఖ్యలు వరసగా 193, 257, 449, 577, 641. ఐదోదే దాని గుట్టు విప్పుతుంది.

ఆ రాత్రి క్యాలెండర్ కాగితం వెనక భాగహారం వేశాను. మొదట్లో 4489 దగ్గర ఏడుసార్లు పోయి 2 మిగిలింది. భాగఫలంలో రెండు సున్నాలు పడ్డాయి. చివరి అంకె దించితే 4487. మళ్లీ ఏడుసార్లు. ఈసారి శేషం సున్నా. 641 ఇంటు 6700417. మొత్తం పది నిమిషాల పని.

ఫెర్మా అంతటివాడే పొరబడ్డాడు, నేనెంత అని సర్దిచెప్పుకోబోయాను. కానీ ఫెర్మా తన దగ్గర రుజువు లేదని ఉత్తరంలో ఒప్పుకున్నాడు. నేనా మాట ఒప్పుకోలేదు. అదే ప్రశ్న ముందు బెంచీ ఫస్ట్ ర్యాంకు పిల్లవాడు అడిగుంటే, "చూద్దాం ఉండు" అని సుద్దముక్క అందుకునేవాణ్ణేమో. నన్ను గుచ్చేది అదే. ఐదు పరీక్షల మార్కులు చూసి ఆ కుర్రాడి బుర్రనూ తేల్చేశాను, ఐదు సంఖ్యలు చూసి ఆరోదాన్ని తేల్చేసినట్టే.

ఆరోది మొదలు ముప్ఫై మూడోదాకా ఒక్కటీ ప్రధాన సంఖ్య కాదని ఇప్పుడు తేలిపోయింది. ఆ పైన కూడా అన్నీ అంతేనని మాత్రం ఎవరూ రుజువు చేయలేదు.

ఆనాటి నా జవాబును నేనే దిద్దాల్సి వస్తే అర మార్కు కోతతో సరిపోదు. స్టెప్పులు లేవు, ఆన్సరూ తప్పే. సున్నా.