శిఖం భూమి – అనుమోదకుని బాధ్యత: హైదరాబాదు చెరువుల నేపథ్యంలో ఒక నైతిక విచారణ

తటాకాన్ని సప్తసంతానాలలో చేర్చిన సంప్రదాయం చెరువు తవ్వించిన పుణ్యం ఎవరికి చెందుతుందో స్పష్టంగా చెప్పింది. చెరువు పూడ్చిన దోషం ఎవరిదన్న ప్రశ్నకు అంత సులువైన సమాధానం లేదు. 2024 జూలైలో హైడ్రా ఏర్పడి, చెరువుల పూర్తి నీటిమట్టం పరిధిలోని కట్టడాల తొలగింపు మొదలయ్యాక హైదరాబాదులో ఈ ప్రశ్న కేవలం తాత్త్వికచర్చగా మిగలలేదు.

వివాదమూలం శిఖం భూమి స్వభావంలోనే ఉంది. చెరువు నిండినపుడు అది జలగర్భం. నీరు తగ్గినపుడు సాగునేల. కొన్నిచోట్ల దానికి పట్టా కూడా ఉంది. అయితే ఆ హక్కు ఋతుబద్ధమైనది. నీరు వదిలిన మేరకే రైతుకు నేల. విస్తరిస్తున్న నగరం ఈ భూమిని ప్లాట్లుగా విభజించినపుడు కాలాన్ని తొలగించి వైశాల్యాన్ని మాత్రమే విక్రయించింది. దస్తావేజులో గజాలున్నాయి, వానకాలం లేదు.

కర్మఫలాన్ని కర్త, కారయిత, ప్రేరకుడు, అనుమోదకుడు సమంగా పంచుకుంటారన్న భావన ప్రసిద్ధం. ఇక్కడ ఇల్లు కట్టుకున్నవాడు కర్త. లేఔటు వేసి అమ్మినవాడు కారయిత, ప్రేరకుడు కూడా. రిజిస్ట్రేషను చేసి, నిర్మాణానుమతి ఇచ్చి, ఏటేటా ఇంటిపన్ను వసూలు చేసిన పాలనావ్యవస్థ అనుమోదకుడు. పది హెక్టార్లు, అంతకు మించిన చెరువు హద్దు నుండి 30 మీటర్లు, చిన్నదైతే 9 మీటర్లు వదలాలని 2012 నాటి భవన నిర్మాణ నియమాలు చెప్పాయి. కాని అనేక చెరువులకు ఆ హద్దే తుదిగా ప్రకటితం కాలేదు. హద్దు గీయనివాడు హద్దు దాటినవానిని దండించడం ఇందులోని వైపరీత్యం. పన్ను చెల్లింపు హక్కును స్థాపించదన్న వాదం చట్టానికి సరిపోవచ్చు, నీతికి చాలదు.

అంతమాత్రాన కొనుగోలుదారుని నిర్దోషిత్వం తుదిమాట కాజాలదు. 2020 అక్టోబరు వానలకు బాలాపూర్ సమీపాన గుర్రం చెరువు కట్ట తెగి దిగువ కాలనీలు మునిగాయి. అలా మునిగేవారు పై నలుగురిలో ఎవరూ కారు. వారి దృష్టిలో తొలగింపు సమర్థనీయమే, అయితే జలరక్షణగా మాత్రమే, శిక్షగా కాదు. ఈ భేదం మాటల్లోనిది కాదు. శిక్షకు పరిహారం ఉండదు; రక్షణకోసం ఒకని ఇల్లు తీసుకుంటే పరిహారం ఋణమవుతుంది. ఆ ఋణాన్ని ఖజానా నుండే తీరిస్తే మునిగినవాడే పన్నురూపంలో మళ్ళీ భారం మోస్తాడన్న ఆక్షేపణ బలమైనది. కనుక వసూలు లేఔటు లాభంతో మొదలై, సంతకం చేసిన అధికారి మీదుగా సాగి, అక్కడా తీరని శేషానికే ఖజానాను చేరవలసి ఉంటుంది.