పాతసామాను కొనుగోలు – వెలయు, ధర్మమును

క్రొత్త వస్తువునకు వెల యుండును. పాత వస్తువునకు వెల కట్టవలసి యుండును. అంగడిలోని బిందెకు లోహపు ధరయు, కంచరి కూలియు, వర్తకుని లాభమును కలిసి యొక లెక్క యేర్పడి యుండును. అదే బిందె ఇరువది యేండ్లు ఒక ఇంట నీరు మోసిన పిమ్మట వీథి అరుగు మీదికి వచ్చినచో, దాని వెల ఆ లెక్కలలో దొరకదు. అమ్మువాని అవసరమును, కొనువాని ఆశయు ఎదురెదురుగా నిలిచి దానిని తేల్చును. అందుచేతనే పాతసామాను కొనుటలో, మొత్తములు చిన్నవే యైనను, ధర్మప్రశ్న యొకటి తలయెత్తును. చౌకగా కొనుట నేర్పే. కాని ఎంత చౌక వరకు అది నేర్పు?

అమెరికాలోని మనవారికి ఈ వ్యవహారము సుపరిచితము. వారాంతపు ఉదయమున కారు నిలుపు కొట్టము తలుపు తెరచి, ఇంటివారు అక్కరతీరిన వస్తువులను వెలచీటీలంటించి పరచి కూర్చుందురు. దానినే గారేజి సేలు అందురు. మన తమకలో ఆ పేరు లేదు. కాని బెంగుళూరు–చెన్నై రహదారి ప్రక్కనున్న ఈ యూరికి 1986లో దేవరాజ అరసు వైద్య కళాశాల వచ్చినది. ఉద్యాన కళాశాల కూడ ఇచ్చటనే యున్నది. చదువులకును కొలువులకును వచ్చి, కొన్నేండ్లుండి మరలిపోవువారున్న ఊర మంచములు, బల్లలు, పంకాలు చేతులు మారుట సహజము.

కొనువాడు నేర్పరి కావలెననుటలో వివాదము లేదు. పాతవస్తువును పగటి వెలుగుననే చూడవలెను. మంచపు కీళ్లలో నల్లులున్నవా, కంచుగిన్నెను వ్రేలితో మీటినపుడు మ్రోత నిండుగా నున్నదా లేక పగులు పలుకుచున్నదా, ఇత్తడిపాత్రకు కళాయి నిలిచియున్నదా, పంకా కొంతసేపు తిరిగిన పిమ్మట కాగుచున్నదా – ఇవి మన గృహిణులకు ఒకరు నేర్పనక్కరలేదు. వారికిని చెప్పవలసినది యొకటి కలదు: ఏమి కావలెనో ఇల్లు కదలక మునుపే నిశ్చయించుకొనవలెను. సగము వెలకు వచ్చినదని తెచ్చిన అక్కరలేని వస్తువు సగము ఆదా కాదు, ఆ సగమును నష్టమే. అట్లు తెచ్చినవి అటకపై చేరి, మరల అమ్ముడుపోవు దినమునకై వేచియుండని ఇల్లెక్కడిది!

రెండవ నేర్పు, వస్తువు ఎవరిదో యెరుగుట. తనది కానిదానిని అమ్ముటకు అస్వామివిక్రయమని పేరిడి, మన ధర్మశాస్త్రములు దానిని వ్యవహారపదములలో నొకటిగా విచారించినవి. రహస్యముగా, వేళగాని వేళ, అట్టి వస్తువు కలిగియుండుటకు తగని వానియొద్ద, మరీ తక్కువ వెలకు కొన్నవానిని యాజ్ఞవల్క్యస్మృతి దొంగగానే యెంచినది. ఈ స్మృతికి విజ్ఞానేశ్వరుడు కన్నడదేశపు కల్యాణమున మితాక్షరయను వ్యాఖ్య రచింపగా, దానిని ఆధారము చేసికొని కేతన పదుమూడవ శతాబ్దమున తెలుగున విజ్ఞానేశ్వరీయమును వ్రాసెను. తక్కువ వెలను కూడ దొంగతనపు గుర్తులలో చేర్చుట గమనింపదగినది. చౌక మితిమీరినపుడు, ఎందుచేత చౌకయో విచారింపక పోవుటయే దోషమని దాని భావముగా నాకు తోచును.

అయితే ఆ కారణము దొంగతనమే కానక్కరలేదు, కష్టము కావచ్చును. మన జిల్లాలోని బంగారుగనులనే చూడుడు. 1880లో జాన్ టైలర్ సంస్థ చేపట్టిన గనులు 1956లో మైసూరు ప్రభుత్వపరమై, 1972లో భారత్ గోల్డ్ మైన్స్ సంస్థ క్రిందికి వచ్చి, 2001 ఫిబ్రవరి 28న మూతపడినవి. చాంపియన్ రీఫున మూడువేల మీటర్లకు మించిన లోతున తరతరములుగా పనిచేసిన తమిళులు, తెలుగువారు ఒక్క వ్రేటున పని కోల్పోయిరి. కొందరు ఊరు విడిచిరి; కొందరు మారికుప్పము నుండి నిత్యము రైలెక్కి బెంగుళూరు పనులకు పోవుట అలవరచుకొనిరి. ఒకే యజమానిపై బ్రతికిన ఊర ఆ యజమాని లేనినాడు అమ్మువారు అనేకులు, కొనువారు కొందరే. అట్టిచోట కుట్టుమిషను వెల పడిపోయినచో, లోపము మిషనులో లేదు. దాని సూది సరిగనే నడచును, నడవనిది ఇల్లు.

చట్టము ఇచ్చట మనకు కొంతవరకే తోడు వచ్చును. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టము, వెల చాలదన్న మాత్రమున ఒప్పందము చెల్లకపోదనును. కాని సమ్మతి స్వేచ్ఛగా నిచ్చినదేనా యని తేల్చునపుడు ఆ చాలమిని లెక్కలోనికి తీసికొనవచ్చుననును. న్యాయమైన వెలలో సగముకంటె తక్కువకు భూమిని అమ్ముకొన్నవానికి రోమను శాసనము ఒక దారి చూపినది: కొన్నవాడు కొరతను పూరింపవలెను, లేదా భూమిని మరలింపవలెను. అదే రోమునందు స్కేవోలా అను న్యాయవేత్త పొలమొకటి కొనబోయి, ఒకేమాటలో వెల చెప్పుమనెను. అమ్మువాడు చెప్పగా, పొలము అంతకు మించి చేయునని తలచి లక్ష నాణెములు అదనముగా నిచ్చెనట. ఈ వృత్తాంతమును సిసిరో వ్రాయుచు, అతడు మంచివాడని అందరును ఒప్పుకొందురు గాని తెలివిగలవాడని ఒప్పుకొనరనెను. మన సంతలోను ఆ తీర్పే వినబడును.

ఇచ్చట ఆక్షేపణ యొకటి వచ్చును. కష్టమున నున్నవాని వస్తువు కొనరాదని అందరును తొలగిపోయినచో, వానికి మిగులునది వస్తువు. కావలసినదో రైలు ఖర్చు. కనుక కొనకుండుట దయ కాదు. కొనువాడును పేదయే యైనచో స్కేవోలా వలె అదనమిమ్మని అడుగుట అన్యాయము. ఇద్దరు బీదలు ఒక మంచము కడ బేరమాడుట చూచి తీర్పు చెప్పుటకు మనకు అధికారము లేదు. కలిగినవాని సంగతి వేరు. అతడు వస్తువులోని లోపమును చూపి ఎంతైన తగ్గింపుమనవచ్చును. అమ్మువాని తొందరను చూపి తగ్గింపుమనరాదని నా అభిప్రాయము. ఈ ఇంటివారికి ఇంకొక నెల గడువున్నచో నేనేమి ఇచ్చియుందును? ఆ మొత్తము తెలిసికొనుట కష్టము కాదు. చేతికి రప్పించుటయే కష్టము.

అమ్మువాడు కష్టమున లేక, కేవలము తెలియక తక్కువ చెప్పినచో నేమి? సంచి భుజమున వేసికొని వీథివీథి తిరుగు పాతసామాను వర్తకునికి ఆ తెలివియే జీవనాధారము. అతనిని నేను తప్పుపట్టను. ఇరుగుపొరుగుల విషయము అట్లు కాదు. పాత కంచుచెంబును తూకమునకు వేయబోవు ముసలమ్మ, ప్రక్కింటామెను నమ్మి, "ఇది ఎంత చేయునమ్మా?" యని యడిగినపుడు, ఆమె తక్కువ చెప్పి తానే కొన్నచో అది బేరము కాదు, తప్పుడు సాక్ష్యము. చెంబుపై ఆశ యున్నను, ముందు నిజమైన వెల చెప్పి, "నాయొద్ద అంత లేదు పెద్దమ్మా" యని పిమ్మట అనవచ్చును. అప్పుడు ముసలమ్మ తగ్గించి యిచ్చినచో, అది ఆమె యిష్టము.