జింకలు మేసిన తోట

అమెరికా తూర్పు రాష్ట్రములలో ఇల్లు కట్టుకొని తోట వేసిన గృహస్థునికి మొదటి అతిథి తెల్లతోక జింక. తోడేళ్ళను, కొండసింహములను అక్కడివారు చాలవరకు ఏనాడో నిర్మూలించిరి; పిదప అడవి యంచున ఇండ్లు కట్టిరి. జింక రాత్రివేళ వచ్చి టులిప్ మొగ్గలను, హోస్టా ఆకులను మొదలంట మేసిపోవును. మంచు కురియు నెలలలో కంచెగా పెంచిన పచ్చని మొక్కలను గూడ విడువదు.

దానిని చంపవలెనని ఏ జైనుడును తలంపడు. అంతటితో ధర్మసంకటము తీరినదని తోచును గాని, తీరలేదు. అంగడిలో దొరకు జింకల మందులను చూడుడు. ఒక సీసాలో కుళ్ళిన కోడిగ్రుడ్ల సారము. ఒక సంచిలో ఎండబెట్టిన పశురక్తపు పొడి. కొమ్మలకు వ్రేలాడగట్టు సబ్బుబిళ్ళలో తరచుగా జంతువుల కొవ్వు. ఆ వాసనకు బెదరి జింక బ్రతికిపోవును. కాని ఆ రక్తము కబేళాలో తెగిన పశువుది. తాను చేయుట, చేయించుట, చేసినదానిని మెచ్చుట, ఈ మూడింటిని శాస్త్రము కలిపియే చెప్పినది. రొక్కమిచ్చి కొన్నవాడు ఏ పద్దులో చేరునో వర్తకునికి చెప్పనక్కరలేదు. రక్తముకొరకు ఎవరును పశువును చంపలేదు గదా యందురు. వృథాగా పోవు సరకుకు ధర పలికినచో మొత్తము వ్యాపారమునకే లాభము పెరుగును. ఇది లెక్కలు వ్రాయు చేతులకు తెలిసిన సంగతియే.

ఇక కంచె. ఎనిమిదడుగుల వలను జింక సాధారణముగా దాటదు. దీనికిని ఆక్షేపణ కలదు. తత్త్వార్థసూత్రము అహింసాణువ్రతమునకు చెప్పిన అయిదు అతిచారములలో చివరిది అన్నపాన నిరోధము. మేతకు వచ్చిన ప్రాణిని అడ్డుట అది కాదా? కాదనియే తోచును. కొట్టములో కట్టిన ఎద్దుకు యజమాని పెట్టినదే మేత. జింకకు అడవి గలదు. అయితే ముండ్లతీగె కట్టి దాని చర్మము చీల్చినవానికి ఈ సమాధానము చెల్లదు. చీకటిలో కానరాని సన్నని వలకు తెల్లగుడ్డ పేలికలైనను కట్టవలెను, లేనిచో అది పరుగున వచ్చి తగులుకొనును.

జింక సాధారణముగా ముట్టని మొక్కలు నాటుట ఇంకొక దారి. గన్నేరాకును పశువు ముట్టదని మన పల్లెలలో నెరుగనివారు లేరు. అక్కడ డాఫొడిల్, లావెండరు అట్టివి. ఆకలి ముదిరినప్పుడు మాత్రము జింక దేనినైనను కొరికి చూచును.

నిజమునకు ఎంత తోట కావలెను? పరిగ్రహ ప్రమాణము పుచ్చుకొన్నవాడు నేలను గూడ కొలుచుకొనును. ఇంటిముందరి నాలుగు గజములకు వల కట్టి, అడవివైపు నేలను జింకకే విడిచినచో సరిపోవును. టులిప్ పూలు చాలినన్ని చూడగోరినచో మాత్రము పొరుగువారి తోటకు పోవలసియుండును.