పూడని పల్లం

దివిసీమలో ఒక రైతు ఉండేవాడు. నాట్లకు ముందు మడి చదును చేయడంలో ఆ చుట్టుపక్కల ఆయనకు సాటి లేదు. మిట్ట మట్టి తీసి పల్లంలో పోసేవాడు, కాలవ నీరు మడంతా ఒకే తీరుగా నిలిచేది. వయసు మీదపడ్డాక పొలం కౌలుకిచ్చి, భార్యతో విజయవాడలో కొడుకు కొన్న ఫ్లాట్‌కు చేరాడు. రేడియోలో భక్తిరంజని వింటూ పెరిగినవాడు కావడంతో, బాలమురళీకృష్ణ కచేరీలు తీరిగ్గా వినాలని మంచి స్పీకర్లు తెప్పించుకున్నాడు.

మృదంగం ఎడమవైపు దెబ్బ పడితే చాలు, హాలంతా గుమ్మని మోగేది. ఒక కుర్రవాడు వచ్చి, రైతు కూర్చునే కుర్చీ దగ్గర మైకు నిలబెట్టి, గదిలో ధ్వని తీరును కంప్యూటర్‌లో గీతగా చూపించాడు. అందులో ఒక మిట్ట ఉంది, 80 హెర్ట్జ్ దగ్గర బాగా లోతైన ఒక పల్లమూ ఉంది. డిజిటల్ సవరణతో మిట్టను కోయగానే మోత పోయి మృదంగం తేటగా పలికింది. రైతు మురిసిపోయాడు.

కానీ పల్లం ఆయన కంట్లో నలుసైంది. గీత మొత్తం చదునుగా ఉండాలని పట్టుబట్టాడు. కుర్రవాడు అక్కడ 10 డెసిబెల్స్ ఎక్కించాడు. అంటే ఆ మంద్రధ్వనికి యాంప్లిఫైయర్ 10 రెట్ల శక్తి ఇవ్వాలి. ఆ ధ్వనేమో కుర్చీ దాటి, మూడున్నర అడుగుల వెనకున్న గోడకు తగిలి, తిరిగొచ్చి తనను తానే చెరిపేసుకుంటోంది. ఎంత పంపినా దాదాపు అంతా అలాగే చెరిగిపోయింది. కుర్చీ దగ్గర పల్లం పూర్తిగా పూడనే లేదు. గోడవార మంచం మీద కూర్చునే భార్యకు మాత్రం చెవులు దిమ్మెక్కాయి. శబ్దం బాగా పెంచిన ఒక సాయంత్రం స్పీకర్ అట్ట గరగరలాడి చిరిగింది.

అట్ట మార్చడానికి వచ్చిన ముసలి రేడియో మెకానిక్ ముందుగా ఆ ఎక్కింపును తీయించాడు. కుర్చీని రెండడుగులు ముందుకు జరిపాడు, స్పీకర్లను మూలల్లోంచి బయటికి లాగాడు. ఆ తరువాత మళ్లీ కొలిపించి, ఇంకా మిగిలిన మిట్టను మాత్రం కోయించాడు. ఆ రాత్రి భార్యాభర్తలిద్దరూ కచేరీ చివరిదాకా విన్నారు.

గది పెంచిన మోతను కోయడంలో డిజిటల్ సవరణ సంగీతానికి నిజంగా మేలు చేస్తుంది. గోడ నుంచి తిరిగొచ్చిన ధ్వని చెరిపేసినదాన్ని మాత్రం అది సరిగా నింపలేదు, నింపబోతే స్పీకరుకూ పక్కన కూర్చున్నవాళ్లకూ చేటు. అందుకే కుర్చీ, స్పీకర్లు జరిపి చూశాకే మైకు పెట్టించుకోవాలని హై-ఫై కొనే ప్రతి ఇంటికీ నేను చెబుతాను.