చోటు మారితే మాట మిగులుతుందా?

మాట్లాడే హక్కు ఉండడం, మాట్లాడే చోటు ఉండడం, ఈ రెండూ ఒకటేనా? 2017లో ఇందిరాపార్కు దగ్గరి ధర్నాచౌక్‌ను మూసేసినప్పటినుంచీ ఈ ప్రశ్న నన్ను వదల్లేదు. నిరసనల్ని నిషేధించడం లేదు, వేరే చోట్లు చూపిస్తున్నాం అంది అప్పటి తెలంగాణ ప్రభుత్వం. చూపించినవేమో ప్రతాపసింగారం, జవహర్‌నగర్, శంషాబాద్ లాంటి నగరం అంచులు. హక్కు అలాగే ఉంది, అడ్రసే మారింది అన్న ఈ మాటకి తలూపినవాళ్లలో బాగా చదువుకున్నవాళ్లు కూడా ఉన్నారు.

వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ ఎవరి జీవితాన్ని కొలతగా తీసుకుని ఈ మాట అన్నారు? సొంత బండి ఉండి, ఎన్నింటికి ఇల్లు చేరినా అడిగేవాళ్లు లేనివాళ్లకి ఊరిచివర దూరమే కాదు. మా మాదన్నపేటలో, కూరగాయల మండీ వెనక సందులో ఉండే అంగన్‌వాడీ ఆయా ఒకామె నాతో అంది: "పొద్దుగాల వంట చేసి పోవాలె మేడం, మళ్ల పొద్దుగూకకముందే ఇంట్ల పడాలె. ఇందిరాపార్కంటే రెండు బస్సులు. గా ఊరవతలకంటే ఎట్ల పోతం?" ఆమెని ఎవరూ నిషేధించలేదు. అయినా ఆమె వెళ్లలేదు. ఆడవాళ్ల విషయంలో నిషేధాలు ఎక్కువభాగం ఇలాగే పనిచేస్తాయి. వద్దని ఎవరూ అనరు, దూరం పెంచుతారు, వేళ మారుస్తారు.

దూరం జరపడం ఈ నగరంలో ఆడవాళ్లకి కొత్త కాదు. 1978లో నల్లకుంట పోలీస్ స్టేషన్లో రమీజాబీ మీద అత్యాచారం జరిగితే, జనం రోడ్డుమీదికి వచ్చారు కాబట్టే అది లోకానికి తెలిసింది. జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసుల్ని తప్పుపట్టింది. ఆ తర్వాత కేసు విచారణ కర్ణాటకలోని రాయచూరుకి మారింది. 1981లో నిందితులు నిర్దోషులుగా బయటపడ్డారు. దూరం వల్లనే ఓడిపోయామని నేననడం లేదు. గొడవ పుట్టిన చోటునుంచి న్యాయాన్ని ఎంత దూరం జరిపితే దానిమీద అంతమంది కళ్లు తగ్గుతాయంటున్నాను.

ధర్నాచౌక్‌ని నినాదాల చోటుగానే గుర్తుపెట్టుకుంటాం. నాకు మాత్రం అది చర్చల చోటు. పక్కపక్క టెంట్లలో ఆశాలు, కాంట్రాక్టు ఉద్యోగులు, భూమి పోయినవాళ్లు, ఉద్యోగాలు రాని పిల్లలు ఉండేవాళ్లు. మధ్యాహ్నం మైకు ఆగినప్పుడు ఒక టెంటువాళ్లు ఇంకో టెంటు దగ్గర కూర్చుని "మీకెంతిస్తున్నరు? మీ జీవో ఏమంటుంది?" అని అడిగేవాళ్లు. ఎవరి పిలుపూ అక్కర్లేకుండా, సభ్యత్వం లేకుండా, హాలు అద్దె కట్టకుండా పేద ఆడవాళ్లు రాజకీయాలు మాట్లాడుకునే చోట్లు మనకెన్ని ఉన్నాయి? మన సాహిత్య సభల్లో వాళ్ల గురించి మాట్లాడతాం. అక్కడ వాళ్లే మాట్లాడుకునేవాళ్లు.

అలాగని ఆ చోటుని ఆకాశానికెత్తనక్కర్లేదు. అక్కడా మైకు ఎక్కువసేపు మగవాళ్ల చేతుల్లోనే ఉండేది. జనం లెక్కకి ముందు వరసలో ఆడవాళ్లు, వేదికమీద నాయకులు. వందలమంది ఆడవాళ్లు మరుగుదొడ్డికి వెళ్లాల్సొస్తుందని నీళ్లు తాగకుండా ఎండలో కూర్చునేవాళ్లు.

ఇక చుట్టుపక్కల కాలనీలవాళ్ల బాధ. రోజూ మైకుల మోత, ఆగిపోయే దారులు, గోడల పక్కన కంపు. వాళ్లలోనూ ఆడవాళ్లున్నారు. వాళ్ల ఫిర్యాదు అబద్ధం కాదు. మండీ పక్కన బతికేదాన్ని కాబట్టి తెల్లవారుజాము లారీల చప్పుడు, కుళ్లిన ఆకుల వాసన ఎలా ఉంటాయో నాకు తెలుసు. కానీ కంపుకి మందు మరుగుదొడ్లు, మోతకి మందు మైకు మీద హద్దు. మనుషుల్నే తీసెయ్యడం కాదు. ఊరేగింపుల మోతని, పెళ్లి బరాత్ మోతని భరించే నగరానికి జీతమడిగే గొంతే ఎందుకు మోతగా వినబడుతుంది?

వీధి సమావేశాల్ని ప్రభుత్వం క్రమబద్ధం చెయ్యొచ్చు గాని పూర్తిగా నిషేధించకూడదని సుప్రీంకోర్టు 1972లోనే అంది. 2018లో ఢిల్లీ జంతర్ మంతర్ కేసులోనూ నివాసుల ప్రశాంతతకీ నిరసనకారుల హక్కుకీ మధ్య సమతూకం వెతకమంది గాని, ఒకదానికోసం ఇంకోదాన్ని చంపమనలేదు.

2017 మే 15న ధర్నాచౌక్‌ని కాపాడుకుందామని వచ్చినవాళ్లకీ, వద్దన్నవాళ్లకీ మధ్య ఘర్షణ జరిగింది. వద్దన్నవాళ్లలో మఫ్తీలో ఉన్న మహిళా పోలీసులు కూడా ప్లకార్డులు పట్టుకుని కూర్చున్నారని పత్రికలు ఫోటోలతో రాశాయి. ఒక ఆడమనిషి గొంతు మూయించడానికి ఇంకో ఆడమనిషిని 'స్థానికురాలి'గా కూర్చోబెట్టడం నాకు ఆ రోజు దెబ్బలకంటే ఎక్కువ కష్టమనిపించింది. ఆమెదీ ఉద్యోగమే. రేపు ఆమెకి కష్టమొస్తే కూర్చోడానికి ఆమెకీ ఒక చోటు కావాలి.

2018 నవంబరులో హైకోర్టు అక్కడ నిరసనలకి అనుమతించమంది. 2021 నవంబరు 18న, ఆ చోటుని మూయించిన ముఖ్యమంత్రే వడ్ల కొనుగోలు విషయంలో కేంద్రం మీద నిరసనగా అక్కడే ధర్నాకి కూర్చున్నారు. చాలామంది నవ్వుకున్నారు. నాకది నీతికథలా అనిపించింది. అధికారంలో ఉన్నవాళ్లకి కూడా పైన ఇంకో అధికారం ఉంటుంది. దానితో మాట్లాడాలంటే వాళ్లకీ రోడ్డే దిక్కు.

2012 ఏప్రిల్లో మాదన్నపేటలో కర్ఫ్యూ పెట్టారు. వీధి మూసేస్తే మాటలు ఆగవు, పుకార్లవుతాయి. ఎదురెదురుగా నిలబడి అడిగితే తేలిపోయే సంగతి, తలుపుల వెనక భయమై పెరుగుతుంది. తెరిచిన చోటు విలువ అదే. అక్కడ అన్న మాటకి ఎదుటివాళ్లు జవాబు చెప్పొచ్చు.

2023 డిసెంబరులో వచ్చిన ప్రభుత్వం ధర్నాచౌక్‌ని మళ్లీ తెరిచామని చెప్పుకుంది. సంతోషమే. కానీ ఒకరి దయతో తెరుచుకున్నది ఇంకొకరి కోపంతో మూసుకుంటుంది. ఆ చోటు మనదని చెప్పడానికి నాకు తోచిన కొలత ఒక్కటే. మండీ వెనక సందులోని ఆయా పొద్దున వంట చేసి వెళ్లి, తన మాట తను మైకులో చెప్పి, చీకటి పడకముందే ఇల్లు చేరగలగాలి. అంతవరకూ హక్కు కాగితం మీదే ఉన్నట్టు లెక్క.