అమ్మలూ, అప్లై నొక్కే ముందు

అమ్మలూ,

రోజుకి యాభై ఉద్యోగాలకి అప్లై చేస్తున్నావట. మీ నాన్న గొప్పగా చెప్పుకున్నాడు. నాకు మాత్రం దిగులేసింది. యాభై ప్రకటనలు చదివి అప్లై చెయ్యడం ఒక్క రోజులో ఎవరివల్లా కాదు. చదవకుండా నొక్కుతున్నావన్నమాట. తలుపు తట్టి, పేరైనా చెప్పకుండా పక్కింటికి పరిగెత్తితే ఎవరు పిలుస్తారే?

ఉద్యోగాలిచ్చే వైపు చాలా ఏళ్ళు కూర్చున్నవాణ్ణి కనక అటువైపు ఏం జరుగుతుందో చెప్తాను, విను. 1997లో నౌకరీ డాట్ కామ్ మొదలైనప్పుడు అది పేపర్లలో వచ్చే ప్రకటనల్ని ఒకచోట చేర్చిన జాబితా. ఇప్పుడలా కాదు. కంపెనీలు ఇలాంటి సైట్లకి డబ్బు కట్టేది ప్రకటన వేసుకోవడానికి ఒక్కటే కాదు, అక్కడ పోగుపడ్డ రెజ్యూమెల్లో వెతుక్కోవడానికి కూడా. అంటే నువ్వు ఉద్యోగం వెతుకుతున్న వేళకే అవతల ఎవరో నిన్ను వెతుకుతున్నారు. నువ్వు వాళ్ళకి కనపడటం లేదు, అంతే.

ఎందుకు కనపడవో చూడు. అకౌంట్స్ మనిషి కావాలనుకున్న హెచ్‌ఆర్ అమ్మాయి సెర్చ్‌లో ఏం కొడుతుంది? టాలీ, జీఎస్టీ, టీడీఎస్, హైదరాబాద్, అనుభవం రెండేళ్ళ లోపు, వెంటనే చేరగలిగినవాళ్ళు. ఈమధ్య సైట్‌లోకి రానివాళ్ళని పక్కన పెట్టే ఫిల్టరూ ఉంటుంది. ఆ వచ్చిన వరసలో ఒక్కో పేరు మీదా ఆమె చూపు నిలిచేది కొన్ని సెకన్లే. ముందుగా కంట పడేది రెజ్యూమె హెడ్‌లైన్. నీ హెడ్‌లైన్ ఏముంది? "సీకింగ్ ఎ ఛాలెంజింగ్ పొజిషన్ ఇన్ ఎ రెప్యూటెడ్ ఆర్గనైజేషన్". ఈ ముక్క సగం దేశం రాస్తుంది. అందులో టాలీ లేదు, జీఎస్టీ లేదు, ఊరి పేరు కూడా లేదు.

నువ్వు మనూరి ఆడిటర్ గారి దగ్గర పనిచేశావు కదా. ప్రతి నెలా 11లోపు జీఎస్టీఆర్-1, 20లోపు 3బి అని ఆ ఆఫీసులో అన్నాలు మానేసి కూర్చునేవాళ్ళు. నువ్వూ కూర్చున్నావు. షాపులవాళ్ళు సంచుల్లో తెచ్చి పోసిన బిల్లులు టాలీలో ఎక్కించావు, బ్యాంకు స్టేట్‌మెంటుతో టిక్కులు పెట్టి కలిపావు. ఇదంతా రెజ్యూమెలో "వర్క్డ్ యాజ్ అసిస్టెంట్" అని ఒక్క లైనులో పాతేశావు! తవ్వి పైకి తియ్యి. "బీకామ్, టాలీ ప్రైమ్, జీఎస్టీఆర్-1, 3బి ఫైలింగ్, బ్యాంక్ రికన్సిలియేషన్, ఆడిటర్ ఆఫీసు అనుభవం, హైదరాబాద్". నీ హెడ్‌లైన్ ఇది. కింద ఎన్ని సంస్థల రిటర్న్స్ చూసేదానివో రాయి, ఉన్నదున్నట్టు.

ఇక ఆ ఫైలు. రెండు కాలమ్‌లు, రంగుల డబ్బాలు, ఎక్సెల్‌కి నాలుగు చుక్కలు, ఇంగ్లిషుకి మూడు చుక్కలు, ఎందుకే ఇవన్నీ? చాలా కంపెనీల్లో మనిషి కంటే ముందు సాఫ్ట్‌వేర్ చదువుతుంది, ఆ డబ్బాల్లో ఉన్నది దానికి అడ్డదిడ్డంగా కనపడొచ్చు. సాదా పేజీ చాలు. నాన్న పేరు, పుట్టిన తేదీ, చివర్న "ఐ హియర్‌బై డిక్లేర్" తీసెయ్యి. అది పెళ్ళిసంబంధాల కాగితం కాదు.

అప్లై చేసేటప్పుడు ప్రకటన ఎప్పుడు పడిందో చూడు. నెల కిందటిదైతే, అప్పటికే వేలమంది పెట్టి ఉంటే వదిలెయ్యి. మంచిదనిపిస్తే ఆ కంపెనీ సొంత వెబ్‌సైట్‌లో కెరీర్స్ పేజీ తెరిచి అక్కడా ఉందేమో చూసుకో, ఉంటే అక్కడే పెట్టు. తర్వాత లింక్డిన్‌లో మీ కాలేజీ సీనియర్లెవరైనా ఆ కంపెనీలో ఉన్నారేమో వెతుకు. "అక్కా, ఫలానా ఉద్యోగానికి నా వివరాలివి, రిఫర్ చెయ్యగలరా" అని మూడు లైన్లు రాయి. మొహమాటపడకు. మనిషిని చూపించినవాళ్ళకి చాలా కంపెనీలు రిఫరల్ బోనస్ ఇస్తాయి. వాళ్ళకీ లాభమే.

కేంద్రప్రభుత్వానిది నేషనల్ కెరీర్ సర్వీస్ అని ఉద్యోగాల సైటు 2015 నుంచి ఉంది, పైసా అక్కర్లేదు, అందులోనూ పేరు నమోదు చేసుకో. చిన్న ఆడిటర్ ఆఫీసులు మాత్రం సైట్ల జోలికి పెద్దగా రావు. వాటికి రెజ్యూమె పట్టుకుని నడిచి వెళ్ళడమే.

అమీర్‌పేటలో ఎవరో రెండేళ్ళ ఫేక్ ఎక్స్‌పీరియన్స్ పెట్టిస్తామన్నారని మీ తమ్ముడు చెప్పాడు. ఆ మెట్లెక్కకు. ఏ నెల ఏ కంపెనీ నీ పేరు మీద పీఎఫ్ కట్టిందో పాస్‌బుక్‌లో కనపడుతుంది. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో అది బయటపడితే ఉన్న ఉద్యోగమూ పోతుంది.

అన్నిటికంటే నా భయం డబ్బడిగేవాళ్ళ గురించి. రిజిస్ట్రేషన్ ఫీజు, ట్రైనింగ్ డిపాజిట్, ల్యాప్‌టాప్ డిపాజిట్, పేరేదైనా సరే, ఉద్యోగం ఇస్తామంటూ డబ్బు కట్టమన్నాడంటే వాడు దొంగే. వాట్సాప్‌లోనో టెలిగ్రామ్‌లోనో "ఇంట్లో కూర్చుని హోటళ్ళకి రేటింగులివ్వండి" అంటారు, మొదట ఓ వందో రెండొందలో నిజంగానే వేస్తారు, నమ్మకం కుదిరాక వేలు కట్టించుకుంటారు. ఇంకొకడు నీ బ్యాంకు ఖాతా కొన్నాళ్ళు వాడుకుంటానంటాడు. ఇచ్చావంటే పోలీసులు వచ్చేది నీ ఇంటికి. డేటా ఎంట్రీ ఉద్యోగమని చెప్పి మన కుర్రాళ్ళని కంబోడియా తీసుకెళ్ళి సైబర్ మోసాలు చేయించిన ముఠా గుట్టు 2024లో విశాఖ పోలీసులు బయటపెట్టారు. విదేశం మాట ఎవరెత్తినా, ఆ ఏజెంటు పేరు ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఉందో లేదో చూసుకో. పొరపాటున డబ్బు పోతే సిగ్గుపడి దాచుకోకు, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి వెంటనే ఫోన్ చెయ్యి. ఎంత తొందరగా చెప్తే ఆ డబ్బు చేతులు మారకుండా ఆపే వీలు అంత ఎక్కువ.

రోజుకి నాలుగైదు, చదివి పెట్టు. కొత్త నంబర్ల నుంచి ఫోన్లొస్తే ఎత్తు. సాయంత్రమయ్యాక ల్యాప్‌టాప్ మూసేసి బయట తిరుగు. రెండు నెలలు ఎవరూ పిలవకపోతే నీలో లోపమని అనుకోకు, ఏడాది చివర్లో సెలవులకి నియామకాలు నెమ్మదిస్తుంటాయి. ఆఫర్ లెటర్ ఏదొచ్చినా సంతకం పెట్టేలోపు నాకు పంపు, చదివి చెప్తాను. ఎవరైనా డబ్బు మాటెత్తితే మాత్రం, అర్ధరాత్రయినా సరే, కట్టకముందే ఫోన్ చెయ్యి.

మీ పెదనాన్న