పేరు మిగిలిన గేటు

బెంగళూరు మారతహళ్లిలో కాపురముండే ఓ అనంతపురం అబ్బాయి ఇంట్లో మూడు కంప్యూటర్లు. తనదొకటి, ఫొటోలు దాచేదొకటి, తమ్ముడు వెబ్‌సైట్లు కట్టి చూసుకునేదొకటి. బయటికి మాత్రం ఇంటికంతా ఒకటే ఐపీ అడ్రసు.

ఊరెళ్లినా మూడూ అందాలని రౌటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ మొదలుపెట్టాడు. 80వ పోర్టును ఫొటోల కంప్యూటర్‌కిచ్చి, అదే 80ని తమ్ముడిదానికీ ఇవ్వబోతే రౌటర్ ఒప్పుకోలేదు. ఒకే నంబరు మీద వచ్చినవాణ్ణి రెండిళ్లకు ఎట్లా పంపుతుంది? అందుకని బయటి నంబర్లు మార్చాడు. 8081కి వచ్చింది 192.168.1.10కి, 8082కి వచ్చింది 11కి, 8083కి వచ్చింది 12కి. లోపల అన్నిటికీ 80యే. కుదిరింది. వారం తిరక్కుండా కరెంటు పోయి వచ్చింది (పోకపోతే అది బెంగళూరే కాదు). రౌటర్ అడ్రసులు మళ్లీ పంచింది. ఫొటోలు అడిగితే తమ్ముడి వెబ్‌సైటు వచ్చింది. దాంతో ఏ యంత్రానికి ఏ అడ్రసో రౌటర్‌లోనే ఖాయం చేశాడు.

కొన్నాళ్లకు తమ్ముడు హైదరాబాద్ వెళ్లిపోయాడు. ఖాళీ అయిన 12ను కొత్త సీసీ కెమెరా రికార్డర్‌కు ఇచ్చాడు. 8083 సంగతి మరిచాడు. రికార్డర్ పాస్‌వర్డు డబ్బాతో వచ్చిందే. 2016లో మిరాయ్ అనే మాల్వేర్ లక్షల కెమెరాలను, రౌటర్లను పట్టింది ఇలాంటి పాస్‌వర్డులతోనే. ఒకరోజు లాగ్ తెరిస్తే ముక్కూ మొహం తెలియని అడ్రసులు. వాటిలో ఒకటి లోపలికొచ్చి, హాలంతా చూసి పోయింది.

ఆ వారమే వాళ్ల నాన్న వచ్చాడు. చిక్‌పేటకు బట్టల కోసం వెళ్తూ, దారిలో హలసూరు గేట్ పోలీస్ స్టేషన్ బోర్డు చదివి, "గేటు యాడుందిరా?" అన్నాడు.

"ఇప్పుడు లేదు నాన్నా. 1791 మార్చిలో ఇంగ్లీషు దొర కార్న్‌వాలిస్ సేన ఆ గేటు పగలగొట్టే పాత బెంగళూరు పేటలోకి జొరబడింది. గోడా పోయింది, గేటూ పోయింది, పేరు మిగిలింది." మాటల్లో మాటగా తన గోడూ చెప్పుకున్నాడు.

"వాళ్లు పగలగొట్టుకోని వచ్చినారు. నీదాన్ని ఎవురూ పగలగొట్టలేదు కదరా. తమ్ముని కోసరం తీసినావు సరే, వాడు పోయినాక ఎవురి కోసరం తీసిపెట్టినావు?"

నీతి: తలుపు తీసిన రోజే అది ఎవరి కోసమో రాసుకో. వాళ్లు వెళ్లిన రోజే మూసెయ్యి.

ఆ రాత్రి అబ్బాయి మూడు పోర్టులూ తీసేసి, వైర్‌గార్డ్ వీపీఎన్‌కు ఒక్కటే తెరిచాడు. సరైన తాళంచెవి లేనివాడు ఎంత తట్టినా అది పలకదు. నాన్న అడిగింది గుర్తుంచుకుని రౌటర్ మీద కాగితం అంటించాడు: "51820, ఇంట్లోవాళ్లకు." కింద తేదీ కూడా వేశాడు.